చౌకట్టు లేని కిటికీ

మా ఇంట్లో ఒక కిటికీ ఇంట్లోకే తెరుచుకునేది. హాల్లో నిలబడి దాని రెక్కలు తీస్తే వీధి కనిపించదు. వంటింటి గట్టు, గ్యాస్ పొయ్యి, పోపుల డబ్బా, వాటి పక్కన నేను కనిపిస్తాం.

ఇల్లు కట్టినప్పుడు అది బయటి కిటికీయేనట. తర్వాత మా మామ కుర్మయ్య ఆగ్నేయం మూలనున్న వసారాను గోడ పెట్టి మూయించి వంటిల్లు చేయించాడు. కిటికీ మాత్రం ఉన్నచోటే ఉండిపోయింది. పోపు వేస్తే మిరపకాయల ఘాటు నేరుగా హాల్లోకి పోయేది. టీవీ ముందు కూర్చున్న అత్తమ్మ దగ్గుకుంటూ లేచి రెక్కలు మూసేది. మూస్తే వంటింట్లో చీకటి, మళ్ళీ తెరిచేది. నేను కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆ రెక్కలు అట్లా మూసుకుంటూ తెరుచుకుంటూనే ఉన్నాయి. అది ఉండి ఎవరికీ లాభం లేదు. అట్లాగని ఎవరూ దాన్ని పట్టించుకోనూ లేదు.

మా మరిది నవీన్‌కుమార్‌కు షాద్‌నగర్ సంబంధం వచ్చాకే అందరి కళ్ళూ దాని మీద పడ్డాయి. పిల్ల తరపువాళ్ళు ఇల్లు చూడడానికి వస్తామన్నారు. మా వైపు అది మామూలే. పిల్లను ఇచ్చేముందు ఆ తల్లీ, మేనమామలూ వచ్చి అర్రలన్నీ తిరిగి చూస్తారు, నీళ్ళ వసతి చూస్తారు, చివరకు వంటింట్లోకి తొంగిచూస్తారు. మా అత్త శివమ్మకు ఆ చివరి మాటే భయం. హాల్లో కుర్చీ వేసి కూర్చోబెడితే చాలు, కిటికీలోంచి మసిపట్టిన గోడ, కడపబండ గట్టు, దాని కింద పడేసిన ఉల్లిగడ్డల బుట్ట అన్నీ కనిపిస్తాయి. అత్తాపూర్‌లో అపార్ట్‌మెంటులో ఉండే ఆడబిడ్డ సునీత ఫోన్లో తల్లికి ధైర్యం చెప్పింది. గట్టుకు నల్ల గ్రానైటు వేయాలని, గోడలకు టైల్స్ అంటించాలని, కింద అరలకు తలుపులు పెట్టాలని, ముందుగా ఆ కిటికీ పీకేసి గోడ కట్టేయాలని చెప్పింది.

మామ ఒప్పుకున్నాడు. ఊరంతా తెలిసింది. అందరూ నాతో ఒకటే మాట అన్నారు, నీకోసమే కదా వంటిల్లు చేయిస్తున్నరు అని. నేను నవ్వి ఊరుకునేదాన్ని. వంటింటి మీద నాకు కోపం లేదు, ఆశా లేదు. నా ఆశలన్నీ ఇంకో కిటికీ దగ్గర ఉండేవి.

మేం పడుకునే అర్ర ఇంటికి వెనక, నైరుతి మూలన. దాని పడమటి గోడకు ఒక కిటికీ. దాని కిందే నా కుట్టుమిషన్ పెట్టుకున్నాను. మహేశ్వరం దగ్గర మా ఊళ్ళో పదో తరగతి అయ్యాక నేర్చుకున్న పని అది. మా ఇంటి ముందర వీధి. వెనకది ఒకప్పుడు పొలాలకు పోయే బండ్ల బాట. విమానాశ్రయం వచ్చాక ఆ బాటకు తారు పోశారు. పొద్దున, సాయంత్రం డ్యూటీ మారే వేళకు పనివాళ్ళను తీసుకుపోయే బస్సు మా కిటికీకి కొంచెం అవతల ఆగుతుంది. అందులో ఎక్కేవాళ్ళలో ఎక్కువమంది అక్కడ ఊడ్చి, తుడిచే ఆడవాళ్ళు. వాళ్ళకు కాంట్రాక్టరు నీలం రంగు పాయింటు, చొక్కా తలా రెండు జతలు ఇచ్చాడు. పెద్దవి, చిన్నవి, రెండే సైజులు. ఎవరికీ సరిగా పట్టవు. జన్మలో పాయింటు తొడగని మనుషులు. పైన పాత చీర చుట్టుకొని వచ్చి, బస్సు కనబడగానే విప్పి సంచిలో కుక్కుకునేవాళ్ళు.

మొట్టమొదట వచ్చింది తారాబాయి. తండా మనిషి, గొంతు పెద్దది. కిటికీ ముందు నిలబడి, పాయింటు నడుం దగ్గర పిడికిట్లో పట్టుకొని, వదిలితే జారిపోతుందని చెప్పింది. నేను ఊచల మధ్య నుంచి చేతులు చాపి ఆమె నడుం చుట్టూ టేపు వేశాను. ఆమె బయట గిర్రున తిరిగింది, నేను లోపల సుద్దతో గుర్తు పెట్టుకున్నాను. ఆ తర్వాత మిగతావాళ్ళు వచ్చారు. పొద్దున ఊచల్లోంచి ఇచ్చిపోయిన గుడ్డ సాయంత్రానికి ఊచల్లోంచే తిరిగి తీసుకునేవాళ్ళు. బస్సు ఎక్కువసేపు ఆగదు. డ్రైవరు హారన్ కొడుతుంటే తారాబాయి మెట్టు మీద ఒక కాలు పెట్టి కూడా నాతో మాట్లాడుతూనే ఉండేది.

"నడుం మరీ గట్టిగ కుట్టకు సుమక్కా. మొన్న తిన్నంక ఊపిరాడలె. ఆ విమానాలోళ్ళ ముందట బొత్తం తెగితే ఇగ నా నౌకరి అయిపోయినట్టే."

బస్సులో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. ఆ ఇంట్లో నేను పైకి వినబడేలా నవ్వే చోటు ఆ కిటికీ ఒక్కటే. అక్కడ నన్ను పేరుపెట్టి పిలిచేవాళ్ళు. మిగతా ఇంట్లో నేను కొండల్ భార్యను, పెద్దకోడలిని.

ఇంటికి వెనక తలుపు లేదు. పడమటి గోడకు తలుపు పెట్టవద్దని మామ పట్టుబట్టాడట. మా వరుస ఇళ్ళ మధ్య మనిషి పట్టని సందులే తప్ప దారి లేదు. వెనక బాట మీదికి పోవాలంటే హాలు దాటి, వాకిలి దాటి, వీధి చివర పిండిగిర్ని దాకా పోయి, వరుసంతా చుట్టి రావాలి. ఆ మనుషులకూ నాకూ మధ్య ఉన్న దగ్గరి దారి ఆ కిటికీయే.

రాజయ్య మేస్త్రి వచ్చిన రోజు నాకు గుర్తుంది. వంటింట్లో నేల మీద సుద్దముక్కతో గట్టు గీశాడు. పొయ్యి ఇక్కడ, వండే మనిషి తూర్పు చూస్తుంది. నీళ్ళ తొట్టి అటు. ఫ్రిజ్ ఎక్కడ అంటే, కిటికీ పోయిన చోట గోడకు ఆనించి అన్నాడు. అత్తమ్మ తల ఊపుతూ, మధ్యమధ్య సునీతకు ఫోన్ చేస్తూ నిలబడింది. నేను టీ గ్లాసులు పట్టుకొని గుమ్మంలో ఉన్నాను. రాజయ్య నన్ను పిలిచాడు.

"చెల్లె, జర ఇక్కడ నిలవడు. రొట్టె పిసికేటప్పుడు చేతులు ఎట్ల పెడతవో అట్ల పెట్టు."

నేను గోడ ముందు నిలబడి గాలిలో చేతులు పెట్టాను. ఆయన నా అరచేతుల కింద గోడ మీద గీత గీసి, గట్టు ఎత్తు ఇదేనన్నాడు. మొత్తం పనిలో నన్ను అడిగిన సంగతి అదొక్కటే. ఆ రోజంతా పని మధ్యలో ఆ గీతను చూస్తూనే ఉన్నాను. తర్వాత సునీత వచ్చి, అపార్ట్‌మెంట్లలో గట్లు ఇంకా ఎత్తుగా ఉంటాయని చెప్పి ఇంకో వరుస ఇటుకలు వేయించింది. ఇప్పుడు నేను రొట్టె చేస్తే భుజాలు పైకి లేస్తాయి. అది వేరే సంగతి.

గోడ పగలగొట్టే ముందు అనంతయ్య సారును పిలవాలని మామ అన్నాడు. అనంతయ్య సారు వాస్తు చూస్తాడు. చుట్టుపక్కల ఊళ్ళలో ఆయన మాట లేకుండా మోరీ కాలువ కూడా తవ్వరు. ఆయన వచ్చి దిక్సూచి చేతిలో పెట్టుకొని అర్ర అర్రా తిరిగాడు. వంటింట్లో పొయ్యి, తొట్టి అన్నీ బాగున్నాయన్నాడు. కిటికీ దగ్గరకు వచ్చి ఆగాడు. దీన్ని తీసేస్తారా అని అడిగాడు. తర్వాత మళ్ళీ మొదటి నుంచి, ఈసారి వేలితో చూపిస్తూ, ఇల్లంతా లెక్కపెట్టాడు. ఇంట్లో పన్నెండు కిటికీలు. ఒకటి పోతే పదకొండు.

కిటికీలు బేసి ఉండకూడదు. అది నాకూ తెలుసు. మా పుట్టింట్లో కూడా ఇల్లు కట్టేటప్పుడు సరిసంఖ్య చూసుకునే పెడతారు. కాని లెక్క అన్నది ఇల్లు కట్టేటప్పుడే అనుకున్నాను. తీసేసేటప్పుడు కూడా చూస్తారని అప్పటిదాకా అనుకోలేదు.

ఇంకొకటి తెరవాలి, లేదంటే ఇంకొకటి మూయాలి అన్నాడు అనంతయ్య సారు. తెరవడానికి చోటు లేదు. తూర్పు గోడకు దర్వాజ, దానికి అటూ ఇటూ కిటికీలు ముందే ఉన్నాయి. రెండు పక్కలా సందులు. సందులో సగం పక్కవాళ్ళది. పాతవి ఉన్నాయంటే ఉన్నాయి, కొత్త కిటికీ తెరిస్తే వాళ్ళు ఊరుకోరు. పడమట ఇంకొకటి పెట్టడానికి సారు ఒప్పుకోడు. నేను టీ గ్లాసులు కడుగుతూ వింటున్నాను. వాళ్ళు ఒక్కొక్క గోడనే తీసేస్తూ వస్తున్నారు. ఆ వరుస చివర ఏముందో నాకు ముందే తెలిసిపోయింది. చేతిలో గ్లాసు అట్లాగే పట్టుకొని నిలబడ్డాను.

"నైరుతిల కిటికీ వద్దని ఇల్లు కట్టిననాడే చెప్పిన కుర్మయ్యా. గప్పుడు గాలి రాదంటివి. ఇప్పుడు దాన్ని మూసినవంటే దోషం పోతది, లెక్క సరిపోతది."

మామ ముఖం తేటపడింది. చాలా రోజుల నుంచి మనసులో ఉన్న బరువు దిగినట్టు ఊపిరి వదిలాడు. ఎవరూ నా వైపు చూడలేదు. చూడకూడదని కాదు. ఆ కిటికీ నాదని ఎవరికీ తోచలేదు.

నేను మాట్లాడకుండా కూర్చోలేదు. నాకు చేతనైనట్టు అందరినీ అడిగాను. ముందు కొండల్‌ను. మా ఆయన విమానాశ్రయం దగ్గర కారు నడుపుతాడు. ఇంటికి వచ్చేసరికి ఎవరితోనూ వాదించే ఓపిక ఉండదు. అన్నం తింటూ అంతా విన్నాడు.

"ఎందుకు పరేషాన్ అయితవ్. బాపుకు నేను చెప్త."

మర్నాడు చెప్పలేదు. ఆ తర్వాత కూడా చెప్పలేదు. అడిగితే, బాపు మనసు బాగున్నప్పుడు చెప్తానన్నాడు. మామ మనసు ఆ రోజుల్లో చాలా బాగుండేది. ఇటుకలు దింపించుకుంటూ, ఇసుక జల్లెడ పట్టిస్తూ, ఉషారుగా తిరిగేవాడు.

రాజయ్యను అడిగాను. మూసిన చోట పైకి గోడలాగా కనబడేట్టు చెక్క రెక్క ఏదైనా పెట్టి, కావాలన్నప్పుడు తీసుకునేలా చేయొచ్చా అని. ఆయన చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. చేయొచ్చు చెల్లె, కాని పెద్దాయన చేత్తో తట్టి చూస్తాడు అన్నాడు. అత్తమ్మను అడిగాను, ఆ వంటింటి కిటికీనే ఉంచి, దానికి పరదా వేద్దామని. షాద్‌నగర్‌వాళ్ళు పరదా ఎత్తి చూడరా అన్నది. మిషన్ హాల్లో వేసుకుంటానంటే, చుట్టాలు వస్తే దర్జీ దుకాణం లాగా ఉంటుందన్నది. ఆమె కోపంగా అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసే చెప్పింది. కొత్త వంటిల్లు వస్తుంది కదా, మిషన్ ముందర ఎందుకు నడుం విరగ్గొట్టుకోవడం అన్నది.

చివరకు మామనే అడిగాను. వాకిట్లో మంచం మీద కూర్చుని ఉన్నాడు. మామా, మా అర్ర కిటికీ ఉండనిస్తే బాగుంటుంది, కుట్టుపని అక్కడే జరుగుతుంది అన్నాను. ఆయన నన్ను కూర్చోమన్నాడు. నేను గడప దగ్గర కూర్చున్నాను. హాల్లో గోడకు ఒక ఫొటో ఉంది, చిన్న పిల్లవాడిది. నిక్కరు, నూనె రాసి దువ్విన తల. మా ఆయనకు అన్న, మల్లేశ్వర్. జ్వరం వచ్చి పాత ఇంట్లోనే పోయాడు. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. మామ ఆ ఫొటో వైపు చూడకుండానే మాట్లాడాడు.

"పాత ఇంట్ల ఐదు కిటికీలుండె బిడ్డా. ఎవ్వడు జెప్పలె నాకు. పిలగాడు పోయినంక అనంతయ్య సారు వచ్చి లెక్కవెట్టిండు. గప్పుడు తెలిసి ఏం లాభం? ఇగ నేను బతికున్నన్ని రోజులు ఈ ఇంట్ల లెక్క తప్పనియ్య. కొండల్‌కు ఏమన్న అయితే నువ్వు ఉంటవా, నేను ఉంటనా?"

ఆయన మొండితనంతో అంటే ఏదైనా అనేదాన్నేమో. ఆయన గొంతులో భయం ఉంది. నా మొగుడి ప్రాణానికీ, నా కిటికీకీ మధ్య ఎంచుకోమన్నట్టు ఉంది ఆ మాట. నేను లేచి లోపలికి వచ్చాను. బియ్యం ఏరడానికి కూర్చున్నాను.

ముందు మా అర్రలోదే మూశారు. వంటింటిది తీసేసి రాత్రికి రాత్రి ఇల్లు బేసిలో ఉండిపోతే ఎట్లా అని మామ భయం. ఒకటే రోజు రెండూ అయిపోవాలన్నాడు. రాజయ్య మిషన్‌ను మధ్యకు జరిపి, పాత చీర కప్పాడు. గడ్డపారతో చౌకట్టు పీకాడు. ఊచలతో సహా అది ఒక్కసారిగా ఊడి లోపలికి వాలింది. కాసేపు ఆ గోడలో పెద్ద ఖాళీ ఉంది. ఎన్నడూ లేనంత వెలుతురు వచ్చింది అర్రలోకి. మంచం కింద దుమ్ము, గోడకు కొట్టిన మేకులు, తెగిన దారప్పోగులు అన్నీ కనిపించాయి. తర్వాత కింద నుంచి ఇటుక వరుసలు లేవడం మొదలైంది. ముందు బాట కనబడడం పోయింది, తర్వాత బస్సు ఆగే చోటు, తర్వాత కరెంటు తీగలు. చివరి వరుస పెట్టేముందు ఒక విమానం దిగుతూ పోయింది. దాని పొట్ట మాత్రమే కనిపించింది.

బయట కిటికీ కింద ఉన్న అంచు బండను రాజయ్య పీకలేదు. పీకితే గోడకు పగుళ్ళు వస్తాయన్నాడు. అది అట్లాగే గోడలోంచి ముందుకు పొడుచుకొని ఉండిపోయింది.

పీకిన చౌకట్లు రెండూ డాబా మీద పక్కపక్కనే ఆనించి పెట్టారు.

తర్వాత కొన్నాళ్ళు ఆడవాళ్ళు ముందు వైపు నుంచి రావడానికి చూశారు. బస్సు దిగి, పిండిగిర్ని చుట్టి వచ్చేసరికి అలిసిపోయేవాళ్ళు. వాకిట్లో మంచం మీద మామ ఉంటాడు. ఆయన ఏమీ అనడు. కాని ఆయన ముందు నడుం చూపించి పాయింటు వదులైందని ఎవరు చెప్తారు. పొద్దున వచ్చేవాళ్ళకైతే అసలు టైం ఉండదు. బస్సు వెళ్ళిపోతుంది. ఒక్కొక్కరే మానుకున్నారు. తారాబాయి మాత్రం సెలవు రోజున వచ్చేది. వచ్చి, గడపలోనే కూర్చుని, గొంతు తగ్గించి మాట్లాడేది. ఆమె అంత నెమ్మదిగా మాట్లాడగలదని నాకు తెలియదు. వినడానికి బాధగా ఉండేది.

షాద్‌నగర్‌వాళ్ళు వచ్చారు. పిల్ల తల్లి సన్నగా, ఎత్తుగా ఉంది. అన్నీ చూసింది. వంటింట్లోకి వచ్చి గ్రానైటు మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందన్నది. అరల తలుపులు తీసి వేసింది. అత్తమ్మ ఆమె వెనకే, ఊపిరి బిగబట్టి తిరుగుతూ ఉంది. ఫ్రిజ్ పక్కన, కొత్తగా సున్నం వేసిన గోడ ముందు పిల్ల తల్లి ఆగింది.

"అంత మంచిగున్నది వదినా. ఈ గోడ ఒక్కటి అడ్డమున్నది. ఇప్పుడంత ఓపెన్ కిచెనే గద. మా తమ్ముడు అత్తాపూర్ల గట్లనే చేయించిండు. వండుకుంట హాల్ల మనుషులతోని మాట్లాడొచ్చు."

చుట్టాలు భోంచేసి పోయాక అత్తమ్మ చాలాసేపు ఆ గోడ ముందే కూర్చుంది. నేను మొన్నటిదాకా వండుకుంటూ హాల్లో మనుషులతో మాట్లాడుతూనే ఉన్నాను కదా అనిపించింది. పైకి అనలేదు. సాయంత్రం సునీత ఫోన్లో నవ్వీ నవ్వీ, నిజమే అమ్మా, ఇప్పుడు అదే ఫ్యాషన్ అన్నది. సంబంధం ఖాయమయ్యింది. గోడ తెరవాలని కూడా ఖాయమయ్యింది.

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు నిద్ర పట్టలేదు. వంటింటి గోడ మళ్ళీ తెరిస్తే పదకొండు. బేసి. ఇంకొకటి తెరవాల్సిందే. ఎక్కడా చోటు లేదని ఆ రోజు వాళ్ళే ఒక్కొక్క గోడా తీసేశారు. మిగిలింది ఒకటే. కొండల్‌కు కూడా అదే తోచింది. అన్నం తింటూ నా వైపు చూసి, ఇగ నీ కిటికీ నీకొస్తది చూడు అన్నాడు. తను సాధించి తెచ్చినంత సంతోషంగా అన్నాడు. మర్నాడు డాబా మీదికి పోయి నా చౌకట్టు చూసుకున్నాను. వానకు ఊచలు తుప్పు పట్టాయి. పాత గుడ్డతో తుడిచాను. కొబ్బరినూనె రాశాను. సెలవు రోజున తారాబాయి వస్తే చెప్పేశాను కూడా. ఆమె బస్సులో అందరికీ చెప్తానన్నది.

అనంతయ్య సారు మళ్ళీ వచ్చాడు. ఈసారి వంటింటి గోడ ముందే నిలబడ్డాడు. ఎంత వెడల్పు తీస్తారని అడిగాడు. రాజయ్య చేతులు చాపి చూపించాడు. రెక్కలు ఉంటాయా, ఊచలు ఉంటాయా అన్నాడు సారు. ఏమీ ఉండవు, ఉత్తగా గోడ తీసి, అంచుకు గ్రానైటు అంటిస్తామన్నాడు రాజయ్య. నేను టీ పెడుతున్నాను. పాలు పొంగుతున్నాయి. సారు ఆలోచించడం నాకు కనబడుతూనే ఉంది.

"చౌకట్టు లేనిది కిటికీ కాదు. లెక్కల రాదు. నడవ అసుంటిదే అనుకో. మీకు పది కిటికీలే. మంచిగున్నది."

మామ చేతులు జోడించాడు. అత్తమ్మ తేలికపడి, సారుకు ఇంకో రెండు బిస్కెట్లు పెట్టమన్నది. అప్పుడు నేను మాట్లాడాను. ఎట్లా మాట్లాడానో తెలియదు. పాల గిన్నె దించి, పట్టుకారు చేతిలోనే పట్టుకొని అన్నాను.

"మరి మా అర్ర గోడ గూడ చౌకట్టు లేకుంట తెరిస్తే లెక్కల రాదు కద సారూ?"

అందరూ నా వైపు చూశారు. సారు ముందు నన్ను, తర్వాత పట్టుకారును చూసి మెల్లగా నవ్వాడు. బయటి గోడకు చౌకట్టు లేకుంటే దాన్ని కన్నం అంటరు బిడ్డా అన్నాడు. దొంగలకు దావత్ ఇచ్చినట్టే అన్నది అత్తమ్మ. రాజయ్య నవ్వాడు. గుమ్మంలో నిలబడిన కొండల్ కూడా నవ్వాడు. నవ్వులో తప్పేం లేదు. అడిగిన మాట నాకే వింతగా వినిపించింది. నేను కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వాను. తర్వాత టీ పోశాను.

గోడ తెరిచారు. ఇప్పుడు హాల్లో ఎక్కడ కూర్చున్నా నేను కనిపిస్తాను. పోపు వేస్తే మిరపకాయల ఘాటు ఇదివరకటి కంటే ఎక్కువగా హాల్లోకి పోతుంది. మూయడానికి రెక్కలు లేవు. అత్తమ్మ దగ్గుకుంటూ వాకిట్లోకి పోయి కూర్చుంటుంది, ఏమీ అనదు.

నా మిషన్ పాత చోటే ఉంది. పైన ట్యూబ్‌లైటు పెట్టించాడు కొండల్. పగలూ అది వేసుకునే కుట్టాలి. మూసిన చోట సున్నం రంగు కొంచెం వేరుగా, కిటికీ అంత మేర కనిపిస్తుంది. నేను దానికి ఎదురుగానే కూర్చుంటాను.

మొన్న పొద్దున ఇంట్లోవాళ్ళ జాకెట్లు కుడుతున్నాను. బస్సు వచ్చి ఆగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే గోడ మీద ఎవరో అరచేత్తో కొట్టారు. మళ్ళీ కొట్టారు. తర్వాత గొంతు. తారాబాయి గొంతే. బయట ఎంత గట్టిగా అరుస్తుందో, నాకు మాత్రం గోడ లోపల ఎక్కడో గింజలు దొర్లుతున్నట్టు వినబడింది. మిషన్ ఆపేసి, చెవి గోడకు ఆనించాను. నా పేరు తెలిసింది. మిగతాది ఏదో పొడుగ్గా చెప్తోంది, ఎప్పటిలాగే. ఒక్క మాటా పట్టుబడలేదు. నేను వస్తున్నా, ఆగు అని అరిచాను. నా అరుపు విని హాల్లోంచి అత్తమ్మ ఏమైందని అడిగింది. చెప్పకుండానే హాలు దాటి, వాకిలి దాటి, మామ మంచం పక్కనుంచి బయటపడ్డాను. చెప్పులు వేసుకోలేదు. వీధిలో కొంగు నడుముకు దోపుకుని ఉరికాను. పిండిగిర్ని దగ్గర ఆడవాళ్ళు పక్కకు తప్పుకున్నారు. వెనక హారన్ మోగింది. వరుస చివర మలుపు తిరిగేసరికి బస్సు అప్పటికే పెద్దరోడ్డు వైపు పోతోంది.

మా ఇంటి వెనక్కి వచ్చాను. ఇంతకుముందెప్పుడూ ఆ గోడను బయటనుంచి అంత దగ్గరగా చూడలేదు. అంచు బండ మీద ఒక ప్లాస్టిక్ సంచి ఉంది, గాలికి ఎగరకుండా దాని మీద ఒక రాయి పెట్టి. లోపల కొత్త నీలం పాయింటు, చొక్కా ఉన్నాయి. తారాబాయిది కాదు. ఆమె నడుం నాకు తెలుసు. ఇది చిన్న సైజు. కొత్తగా పనిలో చేరిన ఎవరిదో. పాయింటు అంతా తిప్పి చూశాను, ఎక్కడైనా గుర్తు పెట్టారేమోనని. సుద్ద గీత లేదు, పిన్నీసు లేదు. కురచ చేయాలో, వదులు చేయాలో, నడుం దగ్గరో, కాళ్ళ దగ్గరో, అన్నీ తారాబాయి గోడకు చెప్పి పోయింది.

సాయంత్రానికి కావాలని మాత్రం నాకు తెలుసు. వాళ్ళకు ఎప్పుడూ సాయంత్రానికే కావాలి. పాయింటు చేతిలో పట్టుకొని, వట్టి కాళ్ళతో, ఆ గోడ ముందు చాలాసేపు నిలబడ్డాను.